సందేహాలు – సమాధానాలు: ‘బ్లైటీ’ని ‘సీమ’ అనవచ్చునా?

సందేహం: మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఒక ఇంగ్లీషు సిపాయి ఉత్తరాలను తెలుగు చేస్తున్నాను. వాటిలో ‘బ్లైటీ’ అనే మాట ఒకచోట దేశం పేరుగా, మరొకచోట గాయం పేరుగా వస్తోంది. పైరుకు పట్టే తెగులును ఇంగ్లీషులో ‘బ్లైట్’ అంటారు కదా, ఇది దానికి సంబంధించినదేనా? తెలుగులో ‘సీమ’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: తెగులుకూ ఈ మాటకూ చుట్టరికం లేదు. పనికిమాలినవాడు అనే అర్థంలో ఇంగ్లీషువారు వాడే ‘బ్లైటర్’ మాత్రం ఆ తెగులు సంతతిలోనిదే. మీరు అడిగిన ‘బ్లైటీ’ మన దేశంలోని సైనిక శిబిరాల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట.

అరబ్బీలో ‘విలాయత్’ అంటే ఒకరి ఏలుబడిలో ఉన్న ప్రాంతం, రాజ్యం. పారసీకం మీదుగా హిందుస్తానీలోకి వచ్చిన ఈ పదానికి మన దేశంలో క్రమంగా పరదేశమనీ, కంపెనీ దొరల కాలం నుంచి ముఖ్యంగా ఇంగ్లండు అనీ అర్థం స్థిరపడింది. దాని విశేషణం ‘విలాయతీ’. ఉత్తరాదిన చాలాచోట్ల వకారాన్ని బకారంగా పలుకుతారు కాబట్టి అది ‘బిలాయతీ’ కూడా అయింది. తెల్లవారి ఇళ్లలో నౌకర్లు సోడాను ‘బిలాయతీ పానీ’ అనేవారని 1886లో వెలువడిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు చెబుతోంది. ఊనిక లేని అచ్చును మింగివేయడం ఇంగ్లీషువారి ఉచ్చారణలో మామూలే కాబట్టి, ‘పోలీస్’ వారి నోట ‘ప్లీస్’ అయినట్టే, ‘బిలాయతీ’లోని మొదటి ఇకారం జారిపోయి ‘బ్లైటీ’ మిగిలింది.

ఇక ‘సీమ’ సంగతి. ఎల్ల అనే అర్థం నుంచి ప్రాంతం అనే అర్థానికీ, అక్కడి నుంచి ‘దొరల దేశం’ అనే అర్థానికీ వచ్చిన ఈ మాట ‘విలాయత్’ నడిచిన దారిలోనే నడిచింది. మనం ‘సీమచింత’ అనే చెట్టును హిందీవారు ‘విలాయతీ ఇమ్లీ’ అంటారు. రెండు పేర్లనూ పక్కపక్కన పెడితే పదానికి పదం సరిపోతుంది. సీమవంకాయ, సీమటపాకాయ, సీమదొర అన్నీ ఆ కోవలోవే. (నేటి యువతరానికి ‘సీమ’ అంటే రాయలసీమే గుర్తుకు వస్తుంది కాబట్టి, సీమచింతను కడపకో కర్నూలుకో అంటగట్టేవారు కూడా ఉన్నారు.) అందువల్ల వ్యుత్పత్తిని బట్టి మీ ఊహ చక్కనిదే. అయినా ఈ ఉత్తరాలలో దానిని వాడవద్దనే నా సలహా.

‘సీమ’ అన్నా ‘విలాయత్’ అన్నా, అది ఇక్కడ ఉన్నవాడు అక్కడి దేశాన్ని చూసి పెట్టిన పేరు. పరాయితనమే దాని ప్రాణం. తెల్ల సిపాయి ఆ పేరును మన నోట విని, తన నోట పలికేసరికి అర్థం తలకిందులైంది. మనకు పరదేశమైనది వాడికి పుట్టిన గడ్డ. యుద్ధానికి ముందే భారతదేశంలో పనిచేసిన సైనికులు వాడుతున్న ఈ మాట 1914–18 మధ్య ఫ్రాన్సు కందకాలలో అందరి నోటా పడింది. అమ్మ, ఇల్లు, సెలవు, వెచ్చని పడక అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. అక్కడ ‘సీమ’ అని రాస్తే మీ సిపాయి తన ఇంటిని తానే పరాయిగా చూస్తున్నట్టు ఉంటుంది.

ఆ తేడా ఎంతటిదో భారతీయ సిపాయిలను తలచుకుంటే తెలుస్తుంది. 1914 చివరి నెలల నుంచి ఫ్రాన్సులో గాయపడిన మన సైనికులలో ఎందరినో ఇంగ్లండుకు తరలించి, బ్రైటన్‌లోని ఒకప్పటి రాజప్రాసాదమైన రాయల్ పెవిలియన్‌ను ఆసుపత్రిగా మార్చి చికిత్స చేశారు. ఇంగ్లండు చేరడమంటే టామీకి, అంటే ఇంగ్లీషు సిపాయికి, ఇల్లు చేరడం. మనవాడికి మరో పరదేశానికి, అసలైన విలాయతుకు, చేరడం.

గాయం అనే అర్థం దీని నుంచి వచ్చినదే. ప్రాణం తీయకుండా, అవిటివాణ్ణి చేయకుండా, ఇంగ్లండు ఆసుపత్రికి పంపించేటంత దెబ్బను ‘ఒక బ్లైటీ’ అనేవారు. అలాంటి గాయం తగిలినవాణ్ణి చూసి తోటివారు జాలిపడేవారు కాదు, అసూయపడేవారు. కావాలని తన చేతినో కాలినో తానే కాల్చుకున్నట్టు తేలితే మాత్రం సైనిక న్యాయస్థానంలో శిక్ష తప్పేది కాదు.

కాబట్టి దేశం అనే అర్థంలో ‘మన దేశం’ అనో, వాక్యం ఒప్పుకుంటే ‘ఇల్లు’ అనో రాయండి. గాయానికి ‘ఇంటిదారి గాయం’ అంటే బాగుంటుందని నాకు తోస్తోంది. “వాడికి ఇంటిదారి గాయం తగిలింది, అదృష్టవంతుడు” అన్న వాక్యం పాఠకుడికి వివరణ లేకుండానే అర్థమవుతుంది. మూలపదం రుచి పోకూడదనుకుంటే, మొదటిసారి వచ్చినచోట ‘బ్లైటీ’ అనే ఉంచి, అది మన విలాయతీయేనని అడుగున ఒక్క ముక్క చెప్పండి. ‘బిలాయతీ’ అని దిద్ది రాయడం మాత్రం వద్దు; ఆ సిపాయికి ఆ రూపం తెలిసి ఉండాలన్న నియమం లేదు.

నేటి ఇంగ్లీషులో ఈ మాటను విదేశాలలో స్థిరపడిన బ్రిటిష్‌వారు ఎక్కువగా వేళాకోళానికి, కొంత బెంగ కలిపి, వాడుతున్నారు. అటువంటి రచన ఎప్పుడైనా మీ చేతికి వస్తే, అక్కడ ‘మన దేశం’ అనే గంభీరమైన మాట అతకదు. ‘మన ఊరు’ అనండి.