పర్సనాలిటీ టైప్ సిద్ధాంతంలో ఇంట్యూషన్‌కీ ఆలోచనకీ తేడా ఏమిటి?

ఇంట్యూషన్‌లో విషయం ఒక్కసారిగా తట్టేస్తుంది, ఎలా తట్టిందో మనకే తెలియదు. ఆలోచనలో మాత్రం ప్రతి మెట్టూ మనకు తెలిసే నడుస్తుంది.

1921లో స్విస్ మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ చేసిన విభజన ప్రకారం, ఇంట్యూషన్ అంటే అచేతన మనసు ద్వారా గ్రహించడం. థింకింగ్ (ఆలోచన) అంటే గ్రహించినదాన్ని తర్కంతో తూచి ఒక నిర్ణయానికి రావడం. మొదటిది సమాచారం లోపలికొచ్చే దారి, రెండోది దాన్ని ఏం చేయాలో తేల్చే పని. అసలు ఈ రెండూ ఒకే రకం పనులు కావు.

మీటింగ్‌లో కొత్త ప్లాన్ వింటుండగానే ఒకరికి 'ఇది మధ్యలో ఆగిపోతుంది' అనిపిస్తుంది. ఎందుకని అడిగితే చప్పున చెప్పలేరు. తర్వాత కాగితం ముందేసుకుని చూస్తే, టెస్టింగ్‌కి మనుషులే లేరు, పైగా రెండు పెద్ద పనులు ఒకే వారంలో పడ్డాయి. ముందు తట్టింది ఇంట్యూషన్, తర్వాత లెక్క తేల్చింది థింకింగ్. మనిషి మాత్రం ఒక్కరే.

ఇంట్యూషన్ ఎక్కువున్నవాళ్లు లాజిక్‌లో వీక్ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. యుంగ్ విభజన ఆధారంగా వచ్చిన పర్సనాలిటీ పరీక్ష ఎంబీటీఐలో ఇంట్యూషన్‌కి ఎదురుగా ఉండేది సెన్సింగ్, అంటే ఇంద్రియాలతో గ్రహించడం. థింకింగ్‌కి ఎదురుగా ఉండేది ఫీలింగ్, అంటే విలువలను బట్టి నిర్ణయించడం. ఐఎన్‌టీజే అన్న టైప్‌లో 'ఎన్' (ఇంట్యూషన్), 'టీ' (థింకింగ్) పక్కపక్కనే ఉన్నాయి కదా! ఇంకో మాట: ఇంట్యూషన్ అతీంద్రియ శక్తేమీ కాదు, తట్టిన ప్రతిదీ నిజమవ్వాలని లేదు.