ఆన్‌లైన్‌లో విమెన్స్ హెల్త్ మాస్టర్స్: అప్లికేషన్ పెట్టే ముందు

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి చాలా ఏళ్లుగా లేబర్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మూడేళ్ల పాప ఉంది. ఉద్యోగం మానకుండా బ్రిటన్ యూనివర్సిటీ నుంచి మహిళల ఆరోగ్యంలో పార్ట్‌టైమ్ ఆన్‌లైన్ మాస్టర్స్ చేయాలనుకుంటున్నాను. దీనివల్ల నా హోదా మారుతుందా? స్టాటిస్టిక్స్ పేపర్ ఉందంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నానో అప్లికేషన్ కోసం రాసుకున్న స్టేట్‌మెంట్ జతచేస్తున్నాను, ఒకసారి చూడండి. కాన్పయ్యాక రక్తం ఎంత పోయిందో మేం కంటితో చూసి అంచనాగా రాసేస్తాం మేడమ్. అది సరైనదేనా అని నాకెప్పుడూ అనుమానమే. అలాంటివన్నీ తెలుసుకోవాలని ఆశ.

జవాబు: మీ ఉత్తరంలోని ఆఖరి మూడు వాక్యాలు మీ స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లేవమ్మా. మీకు సీటు తెచ్చిపెట్టగలిగేవి అవే.

స్టేట్‌మెంట్‌ను మీరు ‘చిన్నప్పటి నుంచీ సేవ చేయాలన్న తపన’తో మొదలుపెట్టారు. తర్వాత యూనివర్సిటీ ఎంత గొప్పదో ఒక పేరా, మీరు ఎంత కష్టజీవో ఇంకో పేరా. అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పేరు మార్చి ఇంకెవరు పంపినా అలాగే ఉంటుంది. అడ్మిషన్స్ వాళ్లు వెతికేది మీకే ప్రత్యేకమైన ప్రశ్నను, అది మీ పనిలోంచి పుట్టిందన్న నమ్మకాన్ని.

మీ అనుమానం చిన్నదేమీ కాదు. కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లు, అంతకు మించి రక్తం పోతే దాన్ని ప్రసవానంతర రక్తస్రావం అంటారని మీకు తెలుసు. ఆ 500 దాటిందని గుర్తించడమే అసలు చిక్కు. 2023లో ఫలితాలు వెలువడిన ఈ-మోటివ్ ట్రయల్ సరిగ్గా ఇక్కడే పట్టుకుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రులు, 2 లక్షలకు పైగా మహిళలు. అంచనా మీద ఆధారపడకుండా, కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్‌లో (ఒంటి కింద పరిచే సంచిలాంటి షీటు) రక్తాన్ని పట్టి చూశారు. పరిమితి దాటగానే గర్భాశయ మసాజ్, గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్ వంటి మందులు, రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడినుంచి పోతోందో చూసే పరీక్ష అన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా కలిపి ఇచ్చారు. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోసి చేసే ఆపరేషన్, రక్తస్రావంతో మరణం, ఈ మూడూ కలిపి చూస్తే మామూలు పద్ధతి పాటించిన ఆస్పత్రులకంటే 60 శాతం తక్కువ. మీకు వార్డులో వచ్చిన అనుమానమే అక్కడ అంత పెద్ద పరిశోధన అయింది.

అందుకని మొదటి పేరా ఈ దారిలో రాయండి: ‘మా వార్డులో కాన్పు తర్వాత రక్తస్రావాన్ని కంటి అంచనాతో నమోదు చేస్తాం. కొలిస్తే వచ్చే లెక్కకు, మా అంచనాకు తేడా ఎంత? ఆ తేడా వల్ల చికిత్స ఎంత ఆలస్యమవుతోంది? దీన్ని పరిశీలించడం నేర్చుకోవడానికి ఈ కోర్సుకు రావాలనుకుంటున్నాను.’ నా మాటలే దింపుకోకండి, మీకు కళ్లకు కట్టిన ఒక రాత్రి డ్యూటీని తలుచుకుని మీ మాటల్లో రాయండి. పేషెంట్ ఎవరో తెలిసిపోయే వివరాలు మాత్రం వద్దు. ఆ తర్వాత కోర్సులో ఏ మాడ్యూల్ (పాఠ్యభాగం) మీ ప్రశ్నకు పనికొస్తుందో పేరుపెట్టి చెప్పండి. యూనివర్సిటీని పొగిడే పేరా మొత్తం తీసేయొచ్చు.

మాడ్యూళ్ల జాబితాను ఇంకో కారణానికి కూడా జాగ్రత్తగా చదవాలి. మహిళల ఆరోగ్యం అని పేరు పెట్టి గర్భం, కాన్పు దగ్గరే ఆగిపోయే కోర్సులు ఉన్నాయి. రుతుక్రమ సమస్యలు, హార్మోన్ల తేడాతో వచ్చే పీసీఓఎస్, గర్భాశయ లోపొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్, మెనోపాజ్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, హింస బాధితులకు అందే వైద్యం, ఇవన్నీ ఈ సబ్జెక్టు కిందికే వస్తాయి. ఎండోమెట్రియోసిస్ ఒక్కటే పునరుత్పత్తి వయసు మహిళల్లో సుమారు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా అదేమిటో తేలేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి. లేబర్ వార్డు మీకు ఎటూ తెలుసు కాబట్టి, దాన్ని దాటి చూపించే కోర్సునే నేను ఎంచుకోమంటాను.

స్టాటిస్టిక్స్ సంగతి. దాన్ని తప్పించుకునే కోర్సు కోసం దయచేసి వెతకకండి. పిల్లలు పుట్టే అవకాశమున్న వయసు ఆడవాళ్లను మందుల తొలిదశ ట్రయల్స్‌కు దూరంగా ఉంచమని అమెరికాలో మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 1977లో చెప్పింది. ఆ మాట వెనక్కి తీసుకునేసరికి 1993 వచ్చింది. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర మగవాళ్లకు, ఆడవాళ్లకు ఒకే డోసులో ఏళ్ల తరబడి వాడుకలో ఉంది. ఆడవాళ్ల శరీరంలోంచి అది నెమ్మదిగా బయటికి పోతుంది, తెల్లారి కారు నడిపే వేళకూ మత్తు మిగులుతుంది. ఆడవాళ్లకు సిఫారసు చేసే డోసును ఎఫ్‌డీఏ 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది 2013లో! ‘ఈ ట్రయల్‌లో ఆడవాళ్లు ఎంతమంది, వాళ్ల ఫలితాలు విడిగా ఇచ్చారా’ అని అడగగలిగే నర్సు కావాలంటే ఆ పేపర్ చదవాల్సిందే. సగటు, శాతం, రిస్క్ రేషియో (రెండు గుంపుల్లో ముప్పుల నిష్పత్తి) అర్థమయ్యేంత వరకు ఇప్పటినుంచే రోజూ కొంచెం చూసుకుంటే భయం చాలావరకు పోతుంది.

హోదా గురించి నిక్కచ్చిగా చెబుతాను. ఈ డిగ్రీ మిమ్మల్ని గైనకాలజిస్టును చేయదు, మిడ్‌వైఫరీ రిజిస్ట్రేషనూ ఇవ్వదు. ఆన్‌లైన్ పార్ట్‌టైమ్ కోర్సు మీద స్టూడెంట్ వీసా కూడా రాదు. బోధన, పరిశోధన ప్రాజెక్టుల సమన్వయం, ఆరోగ్య కార్యక్రమాల నిర్వహణ, ఆస్పత్రిలో నాణ్యత మెరుగుదల, ఆపైన పీహెచ్‌డీ, తలుపు తెరుచుకునేది వీటికి. ప్రమోషన్‌కు లెక్కలోకి తీసుకుంటారా అన్నది మీ హెచ్‌ఆర్‌నూ, ఆన్‌లైన్ విదేశీ డిగ్రీకి గుర్తింపు ఉందా అన్నది మీ నర్సింగ్ కౌన్సిల్‌నూ ఫీజు కట్టకముందే అడగండి. నోటిమాట వద్దు, రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక టైమ్. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 10 గంటల చదువు, మొత్తం 1,800 గంటలు. మూడేళ్లకు పంచితే ఏడాదికి 600. ఏడాదిలో 40 వారాలు చదివారనుకుంటే వారానికి 15 గంటలు. అదే రెండేళ్లలో ముగించాలంటే 22 దాటుతుంది. నైట్ డ్యూటీలు, మూడేళ్ల పాప ఉన్న ఇంట్లో రెండేళ్ల ప్లాన్ తలకు మించిన భారం. ఆ 15 గంటలు ఏ రోజు ఏ వేళ దొరుకుతాయో, ఆ వేళ పాపను ఎవరు చూసుకుంటారో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ‘ఎలాగోలా చూద్దాంలే’ అనుకున్న చోటే చదువులు సగంలో ఆగుతాయి, అది మీ తప్పులా మీ నెత్తినే పడుతుంది. 60 క్రెడిట్లకు పీజీ సర్టిఫికెట్, 120కి పీజీ డిప్లొమా ఇచ్చి, అక్కడినుంచి మాస్టర్స్‌కు కొనసాగనిచ్చే కోర్సయితే మీకు మేలు. ఫీజు కూడా మాడ్యూల్‌కు ఇంత అని కట్టుకునే వీలుందేమో చూడండి.

స్కాలర్‌షిప్‌లలో బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చెవెనింగ్ దూరవిద్యకు వర్తించదు. కామన్‌వెల్త్ డిస్టెన్స్ లెర్నింగ్ స్కాలర్‌షిప్ మాత్రం ఇలాంటి చదువుల కోసమే ఉంది. అర్హత ఉన్న దేశాలు, కోర్సుల జాబితాలు చూసుకోండి.

కాగితాల విషయంలో పెళ్లయిన ఆడవాళ్లను ఎక్కువగా ఇబ్బందిపెట్టేది పేరు. సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో అత్తింటిది ఉంటే రెండూ ఒకరివేనని చూపే రుజువు ముందే సిద్ధం చేసుకోండి. ట్రాన్‌స్క్రిప్టులకు (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల వివరాలు) వారాలు పట్టొచ్చు, ఆ పని మొదట పెట్టుకోండి. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, చేరడం వాయిదా వేసే ఆలోచన ఉంటే ఇప్పుడే రాసేయకండి. రిఫరెన్స్‌కు మీ పని దగ్గర్నుంచి చూసిన వార్డు ఇన్‌చార్జిని, చదువు చెప్పిన లెక్చరర్ ఒకరిని అడగండి. కొత్త స్టేట్‌మెంట్ వాళ్లకూ పంపితే, వాళ్ల ఉత్తరాల్లోనూ మీ ప్రశ్న ప్రస్తావనకు వస్తుంది.

కోర్సు ఆఫీసుకు మెయిల్ పెట్టి ఇంకో రెండు అడగండి. లైవ్ క్లాసులు మీ టైమ్‌కు ఎన్ని గంటలకు పడతాయి, డ్యూటీలో ఉంటే రికార్డింగ్ ఇస్తారా? డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన పత్రం) కోసం మీ వార్డులోనే వివరాలు సేకరించవచ్చా? సేకరించాలంటే యూనివర్సిటీ, మీ ఆస్పత్రి రెండింటి ఎథిక్స్ కమిటీల అనుమతీ అవసరమవుతుంది, దానికి నెలలు పట్టొచ్చు. అంత వ్యవధి లేకపోతే, రక్తస్రావాన్ని కొలవడం మీద ఇప్పటికే వచ్చిన అధ్యయనాలన్నిటినీ సమీక్షించి ఇంటినుంచే డిసర్టేషన్ పూర్తిచేయొచ్చు.