పాటలో పటాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న (ప్రొద్దుటూరు): జవాన్ల మీద ఒక పాట రికార్డు చేశాం. టెంపో 96, అంటే నిమిషానికి 96 దెబ్బలు. ఇరవై మంది కాలేజీ కుర్రాళ్లతో గండికోట దగ్గర బయలులో కవాతు తీశాం. అడుగు పాటతో కలవడం లేదు, కలిసిన చోట నడక ఈడ్చినట్టుంది. ఎడిటింగులో సరిచేసుకోవచ్చా?

జవాబు: కుదరదు, మళ్లీ తీయండి. మన సైన్యంలో 'తేజ్ చల్' (వేగ నడక) అంటే నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు. 'ధీరే చల్' (నెమ్మది నడక) అంటే 70. మీ 96 ఈ రెండింటికీ నడుమ పడింది. ఆ వేగానికి కాలు సాగదీస్తే మోకాలు వంగుతుంది, చేయి భుజం ఎత్తుకు రాకముందే దిగిపోతుంది. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా తేడా తెలుస్తుంది.

ఒక లెక్క మీకు కలిసొచ్చింది. 96ను 1.25తో గుణిస్తే సరిగ్గా 120. పాటను 1.25 రెట్ల వేగంతో ఇంకో ఫైలు చేసుకుని లొకేషన్‌లో అది మోగించండి. కుర్రాళ్లు 120 మీద నడుస్తారు, గాయకుడు ఆ వేగానికే పెదవి కదుపుతాడు. కెమెరాను సెకనుకు 30 ఫ్రేములకు పెట్టండి. ఎడిటింగులో ఆ క్లిప్పులను ఒక్క ఫ్రేమూ తీసేయకుండా సెకనుకు 24 ఫ్రేముల వేగంతో ఆడిస్తే అడుగు అసలు పాట మీద పడుతుంది. ఒంటి బిగువు 120దే, బరువు మాత్రం కొంచెం పెరుగుతుంది. జవాన్ల మీద పాటకు ఆ బరువు నప్పుతుంది.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంటుంది. చాలా కెమెరాల్లో 30 అని కనిపించేది నిజానికి 29.97. ఎడిటింగు టైమ్‌లైన్ (క్లిప్పులు పేర్చే పట్టీ) కచ్చితంగా 24 ఉంటే నాలుగు నిమిషాల పాటకు దాదాపు ఆరు ఫ్రేములు జారుతుంది, చివరి చరణానికి పెదవి తప్పుతుంది. కెమెరా 29.97 అయితే టైమ్‌లైన్ 23.976 పెట్టుకోండి, నిష్పత్తి మళ్లీ 1.25 అవుతుంది.

రెండో తప్పు స్పీకరు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. స్పీకరును వరుస ముందు పెడితే, 17 మీటర్లు వెనకున్న వాడికి పాట సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా అందుతుంది. 120 మీద ఒక అడుగుకు దొరికేదే అర సెకను, అందులో పదో వంతు పోయినట్టే. వెనక వరుస తడబడిందని కుర్రాళ్లను తిట్టకండి. స్పీకరును పక్కగా, వరుస మధ్యకు ఎదురుగా పెట్టి, వరుసతో పాటు తోపుడుబండి మీద నడిపించండి. లోయ అంచుకు పోతే ప్రతిధ్వని గందరగోళం చేస్తుంది, అక్కడ పాట ఆపి డ్రమ్ము దెబ్బ ఒక్కటే ఇవ్వండి.

కవాతు ఎడమ కాలితో మొదలవుతుంది. తాళంలో సమం (ఆవర్తంలో మొదటి దెబ్బ) మీద ఎడమ కాలు పడేలా 'తేజ్ చల్' ఆజ్ఞ ఎక్కడివ్వాలో ముందే గుర్తు పెట్టుకోండి. చతురశ్రంలో, అంటే నాలుగు దెబ్బల ఆవర్తంలో, అది చివరిదాకా నిలుస్తుంది. మూడు దెబ్బల ఆవర్తమైతే సమం మీద ఒకసారి ఎడమ, ఒకసారి కుడి పడుతుంది. అలాంటి పాటకు కవాతు పెట్టకపోవడమే మేలు.

నేర్పడానికి ఒక విశ్రాంత హవల్దారును పిలుచుకోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దారి చూపుతారు. సెలవు మీద వచ్చిన జవానును మాత్రం కెమెరా ముందు నిలబెట్టకండి. అనుమతి లేకుండా కనిపిస్తే ఇబ్బంది పడేది ఆయనే. ఇంకొకటి, కోట లోపల తీయాలంటే అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, వాళ్ల రాతపూర్వక అనుమతి వేరే తీసుకోవాలి.

ప్రశ్న (అనంతపురం): సైన్యం కొత్త డిజైను బట్ట కొని యూనిఫాం కుట్టించుకోవచ్చా?

జవాబు: వద్దు. 2022 ఆర్మీ డే నాడు బయటపెట్టిన ఆ కంబాట్ (యుద్ధ దుస్తుల) డిజైనును సైన్యం తన పేర రిజిస్టరు చేసుకుంది. సాదా ఆలివ్ రంగు బట్ట, కల్పిత రెజిమెంటు గుర్తు చాలు. సైనికుడని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నటనకు వేసుకోవడం వేరు. కానీ ఆ బట్టలతోనే టీ కొట్టుకు పోతే అనుమానం రాక తప్పదు. సెట్టు దాటేటప్పుడు పైన మామూలు చొక్కా తొడిగించండి, షూటింగు సంగతి పోలీసు స్టేషనుకు ముందే రాసివ్వండి.

సెల్యూట్ కూడా చూసుకోండి. సైన్యంలో అరచేయి ఎదుటివారికి కనిపించాలి, నౌకాదళంలో నేలవైపు ఉండాలి. తల మీద టోపీ లేకుండా సెల్యూట్ చేయరు.

ప్రశ్న (కర్నూలు): ఓర్వకల్లు రాళ్ల మధ్య యుద్ధ సన్నివేశం. డ్రోను ఎగరేయొచ్చా? పేలుళ్లకు క్వారీవాళ్లు జిలెటిన్ ఇస్తామంటున్నారు.

జవాబు: జిలెటిన్ మాట మరిచిపోండి. రాతిని చీల్చే సరుకది, రాళ్ల మధ్య పేలిస్తే పెచ్చులు ఎటు ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు. జల్లించిన ముల్తానీ మట్టిని గాలి ఒత్తిడితో పైకి చిమ్మించి, మెరుపును ఎడిటింగులో కలపండి.

ఓర్వకల్లు పరిసరాల్లో విమానాశ్రయం ఉంది, డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజరుతో డ్రోనును కూల్చి చూపించింది ఈ క్షేత్రంలోనే. కేంద్రం డ్రోన్ల కోసం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాపులో మీ చోటు రెడ్ జోన్‌లో ఉంటే కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. గ్రీన్ జోన్ అయినా 250 గ్రాములు దాటిన డ్రోనుతో వ్యాపారానికి తీస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి.

ప్రశ్న (కడప): అమరుడైన జవాను అంత్యక్రియల దృశ్యంలో జెండా ఎలా కప్పాలి?

జవాబు: కాషాయం తల వైపు ఉండాలి. చితికి నిప్పు పెట్టే షాటుకు ముందే జెండా తీసి, మడిచి, భార్య చేతికో తల్లి చేతికో ఇచ్చే షాటు తీయండి. జెండాను చితిలో కాల్చకూడదు, గోతిలోకి దించకూడదు. సెట్టు మీదిదైనా అది జెండానే. షాటుకూ షాటుకూ మధ్య నేల మీద పెట్టకుండా, పట్టుకోవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి.