బైండింగ్‌కి వచ్చిన నవల

‘ఇప్పుడు ఏ నవల చదువుతున్నారు, అందులో మీకు ఏం నచ్చింది?’ అని అడిగారు కదా. దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ పోయిన వారం అయిపోయింది. ఇప్పుడు వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’ నడుస్తోంది. మనసంతా ఇంకా మొదటి పుస్తకం దగ్గరే ఉంది కాబట్టి ముందు దాని గురించి చెప్తాను.

మాది హనుమకొండ నయీంనగర్‌లో జిరాక్స్ షాపు. బైండింగ్ కూడా చేస్తాం. ఎండాకాలం ముందు ఒక రిటైర్డ్ సార్ అట్ట ఊడిపోయిన ‘చిల్లర దేవుళ్లు’ పుస్తకం తెచ్చిచ్చారు. కాగితాలు పసుపుపచ్చగా మారి, అంచులు ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. కుట్టే ముందు పేజీలు వరుసలో ఉన్నాయో లేదో చూడాలి కదా, అలా చూస్తూ చూస్తూ నాలుగు పేజీలు చదివేశాను. సాయంత్రం సార్ వస్తే ‘ఇంకా కుట్టలేదు సార్, చదువుతున్నా’ అని ఉన్నమాట చెప్పాను. ‘మంచిదే కదమ్మా, సదివినంకనే ఇయ్యి, తొందరేం లేదు’ అన్నారు. నేను నవల చేతిలోకి తీసుకుని అప్పటికి పదేళ్లు దాటింది.

కథ నిజాం కాలంలో ఒక తెలంగాణ పల్లెలో జరుగుతుంది. బతుకుతెరువు వెతుక్కుంటూ ఆంధ్ర ప్రాంతం నుంచి సారంగపాణి అనే సంగీత విద్వాంసుడు ఆ ఊరికి వస్తాడు. ఊరు దేశముఖ్, అంటే ఊరి మీద పెత్తనం చేసే దొర చేతిలో ఉంటుంది. దొర ఉండే కోటలాంటి ఇల్లే గడి. అందులో దొర కూతురు మంజరి ఉంది, ఆడబాప వనజ ఉంది. ఆడబాప అంటే ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు. దొరల ఇళ్లలో పెళ్లికూతురితో పాటు దాసిగా పంపే అమ్మాయి. ఆమెకు తనదంటూ ఇల్లు ఉండదు, పెళ్లి ఉండదు. దొర ఏమంటే అది. వనజ గురించి చదువుతుంటే చాలాసార్లు పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. కథ చివరిదాకా చెప్పను, మీరు చదవాలి.

నన్ను పట్టి లాగింది మాత్రం భాష. రచయిత చెప్పే కథ మామూలు పుస్తకాల తెలుగులోనే సాగుతుంది, మనుషులు నోరు తెరిస్తే మన తెలంగాణ మాట వస్తుంది. బడిలో ‘వచ్చిండు’ అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘వచ్చాడు’ అని దిద్దేవాళ్లు. అమ్మమ్మ మాట్లాడే మాట రాయడానికి పనికిరాదని నేను నిజంగానే నమ్మాను. అదే మాట అచ్చులో, ఇంత పెద్ద నవలలో కనిపించేసరికి కళ్లల్లో నీళ్లొచ్చాయి.

మా మామయ్యకు ఎనభై దాటాయి. కంటి చూపు బాగా తగ్గింది, పేపర్ కూడా చదవలేరు. వాళ్ల సొంతూరు మరిపెడ దగ్గర. రంగాచార్య గారు 1928లో పుట్టిన చిన్నగూడూరు కూడా అటువైపే. ఆ మాట చెప్పగానే ‘అయితే మనోళ్ల పుస్తకమే, సదువు బిడ్డా’ అన్నారు. అప్పటి నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక అరగంట పైకి చదవడం మొదలుపెట్టాను. నాకు అర్థం కాని మాట వస్తే ఆయనే చెప్పేవారు. గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకోవాలని, దొర ఎదురుపడితే ‘నీ బాంచెను కాల్మొక్త’ అని వంగాలని, ఇవన్నీ ఆయన వాళ్లమ్మ నోట విన్నవి.

ఒక రాత్రి వెట్టి గురించి, అంటే దొరకు కూలి లేకుండా చేయాల్సిన చాకిరీ గురించి వచ్చిన చోట ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నారు. ‘మా అవ్వ గడిల వడ్లు దంచేది. తెల్లారగట్ల పోతే పొద్దుగూకినంక అచ్చేది. పైస ఇయ్యకపోయేది. ఇయ్యాల్టికి సాలు బిడ్డా’ అన్నారు. నేను ఈ ఇంటికి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మా ఆయనకు కూడా తెలియదు. రేపటి నుంచి చదవనిస్తారో లేదో అని టెన్షన్ పడ్డాను. మర్నాడు అన్నం తిన్న చెయ్యి కడుక్కోకముందే ‘పుస్తకం తియ్యవా?’ అని ఆయనే అడిగారు.

ఇక వేరే నవలల గురించి. అంపశయ్య నవీన్ గారిది మన వావిలాలే, పాలకుర్తి దగ్గర. ఆయన ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, అంతే కథ. నవలంతా వాడి తలలో తిరిగే ఆలోచనలే. షాపులో గిరాకీ మధ్య చదవబోతే కుదరలేదు, నాలుగు కాపీలు తీసి వచ్చేసరికి వాడి ఆలోచన ఎక్కడ తెగిందో దొరకదు. ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని చదివాను, అప్పుడు పట్టుకుంది. చేతిలో డబ్బుల్లేని పల్లె పిల్లవాడు పట్నం హాస్టల్లో ఎలా ఉంటాడో హాస్టల్లో చదివిన వాళ్లకు వెంటనే తగులుతుంది. ఆయనకే 2004లో ‘కాలరేఖలు’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది నా దగ్గర ఉంది, ఇంకా మొదలుపెట్టలేదు.

సిరిసిల్ల వైపు రచయిత పెద్దింటి అశోక్ కుమార్ గారి ‘జిగిరి’ చిన్న నవల. ఎలుగుబంటిని ఆడించి బతికే కుటుంబం కథ. మా అబ్బాయి ఇంటర్, వాడు కూడా ఒక్క పూటలో చదివేశాడు. పిల్లలకు ఇవ్వాలంటే ముందు ఇదే ఇవ్వండి.

‘ప్రజల మనిషి’ నిజామాబాద్ వైపు పల్లె కథ. దొర జులుం మీద ఎదురుతిరిగే కంఠీరవం అందులో నాయకుడు. ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల అనే ప్రచురణ సంస్థ పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మిన మనిషి. అది తెలిశాక ఆయన రాసిన పుస్తకం పట్టుకుంటే చేతికి ఇంకో రకం బరువు అనిపిస్తుంది. దీని తర్వాత ఆయనదే ‘గంగు’, ఆ తర్వాత రంగాచార్య గారి ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వరుసగా చదవాలని అనుకుంటున్నాం. అలా చదివితే దొరల కాలం, సాయుధ పోరాటం, ఆ తర్వాతి రోజులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

పుస్తకాలు కొనలేని వాళ్లు హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలో అడగండి. అది 1904 నాటి గ్రంథాలయం.

సార్ పుస్తకం గట్టి అట్ట వేసి, వెన్నుకు నల్ల గుడ్డ అంటించి కుట్టి ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. ‘ప్రజల మనిషి’ ఆయన ఇచ్చిందే. దాని అట్ట బాగానే ఉంది.

ఇది రాస్తుంటే మామయ్య లోపలి నుంచి అడుగుతున్నారు, ‘కంఠీరవం ఎక్కడిదాక అచ్చిండు బిడ్డా?’ అని. వెళ్లాలి.