నాన్న ముందు మిమ్మల్నే అడిగారు

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్భై ఏళ్లు. అమ్మ పోయాక ఒంటరిగా ఉంటున్నారు. ‘బీపీ మాత్రలు వాడితే కిడ్నీలు పాడవుతాయి’ అనే వీడియోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, తాను కూడా మాత్రలు మానేశారు. అది అబద్ధమని రుజువులతో సహా గ్రూపులోనే రాశాను. ‘ఇంత చదువుకుని ఇలాంటివి ఎలా నమ్ముతారు?’ అని కూడా అన్నాను. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆయన గ్రూపు నుంచి తప్పుకున్నారు. పది రోజులుగా నా ఫోను ఎత్తడం లేదు. తర్వాత చూస్తే, అంతకు వారం ముందే అదే వీడియో నాకు పంపి ‘ఇది నిజమేనా అమ్మా?’ అని అడిగారు. రోజూ ఏవేవో పంపుతుంటారని ఆయన్ను మ్యూట్‌లో పెట్టడం వల్ల చూడలేదు. ఆయనకు పంపడానికి నమ్మదగిన నిజనిర్ధారణ వెబ్‌సైట్ల జాబితా ఇవ్వగలరా?

జవాబు: జాబితా ఇవ్వను. అలాంటి వెబ్‌సైట్లు వెతికితే మీకే దొరుకుతాయి. ఇక్కడ కొరవడింది అవి కాదు.

అనుమానం వచ్చిన కబురును పదిమందికి పంపేముందు తెలిసినవాళ్లను అడగాలని మనమే చెబుతుంటాం. మీ నాన్నగారు ఆ పనే చేశారు. ఆయన దృష్టిలో తెలిసిన మనిషి మీరు. వారం రోజులు ఎదురుచూశారు. జవాబు రాలేదు. చివరికి గ్రూపులో పెడితే, అప్పుడు వచ్చింది జవాబు, అందరి ముందు. నాకు ఆ నవ్వు బొమ్మలే కళ్లముందు మెదులుతున్నాయి. కన్నతండ్రిని బంధువుల్లో తల దించుకునేలా చేసే హక్కు, మన మాట నిజమైనంత మాత్రాన మనకు రాదు.

ముందు మాత్రల సంగతి. ఇది చదివిన రోజే బయలుదేరి వెళ్లండి. ఫోను ఎత్తకపోతే తలుపు తీస్తారు. మాత్రలు రాసిన డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. కిడ్నీలను దెబ్బతీసేది అదుపు తప్పిన బీపీ. దాన్ని అదుపులో ఉంచే మందులు కిడ్నీలకు రక్షణే. వీడియో ఈ విషయాన్నే తలకిందులు చేసి భయపెట్టింది. ఆ మాట డాక్టరు నోట వింటే ఆయనకు చిన్నతనం ఉండదు.

చదువు సంగతి ఎత్తకండి. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాలను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. నిజమైన వార్త కంటే అబద్ధపు వార్తను ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువని 2018లో ప్రకటించారు. ఆ తేడాకు కారణం వాటంతట అవే పోస్టులు పంపే కంప్యూటర్ ఖాతాలు కాదు, మనుషులే. కొత్తగా, విస్తుగొలిపేలా ఉన్నది ఎవరినైనా లాగుతుంది. పైగా అబద్ధాన్ని కావాలని పుట్టించేవాడు వేరు, అయినవాళ్లకు హాని జరుగుతుందేమోనని పంపేవాడు వేరు. మీ నాన్నగారు ఎవరిని కాపాడాలని ఆ వీడియో పెట్టారో ఒక్కసారి ఆలోచించారా?

డాక్టరును కలిశాక ఆయన పక్కన కూర్చుని, అదే వీడియో మళ్లీ తెరవండి. ఫోను ఆయన చేతిలోనే ఉండాలి. పైన రెండు బాణాల గుర్తు ఉందేమో చూడమనండి. ఉంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినవాళ్లకు కూడా దాని పుట్టుక తెలిసి ఉండదు. మాట్లాడే వ్యక్తి పేరు, తేదీ ఉన్నాయా? ‘తొలగించేలోగా అందరికీ పంపండి’ అని తొందరపెడుతున్నారా? వీడియోలో ఒక దృశ్యాన్ని ఫొటోగా తీసి, ఆ ఫొటోతోనే ఇంటర్నెట్‌లో వెతకడం నేర్పండి. బటను ఆయనే నొక్కాలి. మీరు లాక్కుని చేసి చూపిస్తే అది మళ్లీ పాఠం చెప్పినట్టే ఉంటుంది.

ఇక గ్రూపు. అవమానం జరిగింది అక్కడే కనుక క్షమాపణ కూడా అక్కడే రాయండి. వీడియో తప్పన్న మాట వెనక్కి తీసుకోవద్దు, అన్న తీరుకు మాత్రం క్షమించమనండి. ఆ వీడియో చూసి ఇంకెవరైనా మాత్రలు మానేసి ఉండవచ్చు. నాన్నగారిని మళ్లీ గ్రూపులోకి రమ్మని, డాక్టరు చెప్పింది తన పేరు మీదే అందులో పెట్టమని అడగండి. ఒప్పుకోకపోతే మీరే పెట్టండి, కానీ ‘నాన్నగారు డాక్టరును అడిగి తెలుసుకున్నారు’ అని రాయండి.

వెళ్లేముందు ఆయన పేరు మీద ఉన్న మ్యూట్ తీసేయండి.