జీపు హెడ్‌లైట్ల గురించి మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. "తాతయ్య జీపుని 12 ఓల్టులకి మార్పించిందట, ఇప్పుడు దానికి పెద్ద పెద్ద లైట్లు కొంటుందట, సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాత్రంతా దాంట్లోనే వస్తుందట, నువ్వైనా చెప్పు అన్నయ్యా" అని. నిన్ను ఆపమని తన ఉద్దేశం. నేను ఆపను. కొబ్బరి మట్టల కింద ఏళ్ల తరబడి పడున్న విల్లీస్ జీపుని లారీ ఎక్కించి తీసుకెళ్లి, సెల్ఫ్ కొడితే స్టార్టయ్యేలా చేశావంటే, ఆటోనగర్‌లో బతుకంతా వైర్లతో గడిపిన నాకు ఎంత గర్వంగా ఉంటుందో నువ్వే ఊహించుకో. కానీ రాత్రి ప్రయాణం అన్న మాట దగ్గర నా గుండెల్లో కూడా రాయి పడింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిగ్గా చదువు.

నాలుగు కొట్లు తిరిగితే నలుగురూ "ఈ బల్బు దొరకదు మేడమ్" అన్నారట. దొరకదు మరి, నీ చేతిలో ఉన్నది బల్బు కాదు. అది సీల్డ్ బీమ్. అద్దం, రిఫ్లెక్టరు, లోపలి ఫిలమెంటు అన్నీ కలిపి ఒకే ముక్క; ఫిలమెంటు పోతే మొత్తం మార్చడమే. పైగా నీ దగ్గరున్నవి 6 ఓల్టులవి. పరీక్షిద్దామని కూడా వాటికి 12 ఓల్టులు ఇవ్వకు. ఓల్టేజీ రెట్టింపయితే వాట్లు మూడు నాలుగు రెట్లవుతాయి, మెరిసినట్టే మెరిసి ఆరిపోతాయి. మీటరు లైటు, పార్కింగు, వెనక లైట్లు కూడా చూసుకో, ఒక్క పాత బల్బు కూడా మిగలకూడదు. విప్పినవి మాత్రం పారెయ్యకు. 6 ఓల్టుల డైనమో, దాన్ని బ్యాటరీకి కలిపే కటౌట్, ఆ సీల్డ్ బీములు అన్నీ ఒక పెట్టెలో పెట్టు. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి, నంబరులో వీఏ అని ఉంటుంది. ఎప్పుడైనా దానికి పెట్టాలనుకుంటే బండి అసలు రూపం గురించి అడుగుతారు. ఆ నంబరు తీసుకున్న బండిని రోజూ తిప్పుకోనివ్వరు, అదీ గుర్తుంచుకో.

ఇక కొనాల్సింది. మన జీపు లైటు 7 అంగుళాల గుండ్రటిది. అంబాసిడర్‌కీ జిప్సీకీ అదే కొలత. కాబట్టి "విల్లీస్ జీపు బల్బు ఉందా" అని అడగడం మానేసి, "7 అంగుళాల డూమ్, బల్బు విడిగా వచ్చేది" అని అడుగు. డూమ్ అంటే అద్దం, రిఫ్లెక్టరు కలిసిన గిన్నె. అప్పుడు నిన్ను వెతుక్కుంటూ వచ్చి మరీ అమ్ముతారు. హైదరాబాదులో పుత్లీబౌలీ చూడు. లేదంటే మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డు. ఢిల్లీ కశ్మీరీ గేటు దాకా పోనక్కర్లేదు.

డూముల్లో రెండు రకాలు. పాత రకానికి 45/40 వాట్ల బల్బు పడుతుంది, అంటే బ్రైటుకి 45, డిమ్ముకి 40; దాని కాలరు మీద పీ45టీ అని ఉంటుంది. కొత్తది హెచ్‌4 హాలోజన్, 60/55 వాట్లు, పీ43టీ. ఆ అంకెలు కాలరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండింటికీ వెనక మూడు పిన్నులే, చూడ్డానికి అక్కచెల్లెళ్లలాగే ఉంటాయి, కానీ ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. బలవంతంగా కూర్చోబెట్టే మేస్త్రీలున్నారు. ఫోకసు చెడిపోయి వెలుగు చెట్ల మీదకి పోతుంది. డూమ్, బల్బు ఒకే కొట్లో, ఒకదాంట్లో ఒకటి పెట్టి చూసుకుని కొను. హెచ్‌4, 60/55 చాలు. బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకు.

అమెరికా నుంచి అందమైన డూములు తెప్పిస్తానన్నావట. వద్దు. వాళ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తారు, వాళ్ల డిమ్ము వెలుగు కుడి అంచుకి వాలి ఉంటుంది. అదే మన రోడ్డు మీద ఎదురొచ్చేవాడి కళ్లలోకి. యూరప్ పద్ధతి అద్దాల్లో మనలా ఎడమవైపు నడిచే దేశాలకి చేసినవాటి మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బండికి ఎదురుగా నిలబడి చూస్తే ఆ బాణం నీ కుడిచేతి వైపు చూపించాలి. అది చూసుకో.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 100/90 వాట్ల బల్బులు ఆర్డరు పెట్టావని మీ అమ్మ చెప్పింది. తనకి వాట్ల సంగతి తెలియదు, "వంద అంట అన్నయ్యా" అంది. ఆ వంద అనే మాట తన నోట విని చాలా కాలమైంది.

నీకెవరూ చెప్పి ఉండరు, ఈ జీపు 12 ఓల్టులకి మారడం ఇది మొదటిసారి కాదు. 1980ల మధ్యలో తాతయ్య ఒకసారి మార్పించారు. ఆయన లెక్కల మాస్టారు కదా, కాగితం తీసి లెక్క వేశారు. 6 ఓల్టులప్పుడు 50 వాట్ల లైట్లు రెండింటికీ కలిపి సుమారు 17 ఆంపియర్లు. 12 ఓల్టుల్లో 100 వాట్లవి రెండు పెట్టినా అవే 17 ఆంపియర్లు. "కరెంటు పెరగలేదు, వైరు అదే, స్విచ్చి అదే, వెలుగు రెట్టింపు" అని ఇల్లంతా తిరిగి చెప్పారు. అప్పటికి నేను ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్నాను, నన్ను మాత్రం అడగలేదు. లెక్కలో తప్పు లేదమ్మలూ, ఇప్పటికీ నేను పట్టలేను. కాకపోతే అది కొత్త స్విచ్చికి వేసిన లెక్క. బ్రైటు, డిమ్ము మార్చే స్విచ్చి మన జీపులో క్లచ్ పక్కన నేల మీద ఉంటుంది, ఎడమ కాలితో నొక్కాలి. పొలం నుంచి బురద కాళ్లతో వచ్చి తాతయ్య ఏళ్ల తరబడి నొక్కిన స్విచ్చి అది.

శ్రావణ మాసం పెళ్లి నుంచి తిరిగొస్తున్నాం. తాతయ్య, అమ్మమ్మ ముందు. వెనక నేను, నిద్రపోతున్న మీ అమ్మ, అప్పటికి దానికి పదేళ్లు. వెంకయ్య వయ్యేరు గట్టు మీద, కాలవ నిండుగా ఉంది. ముందు వాసన వచ్చింది, బేకలైటు మాడిన వాసన. పొలాల్లో ఏదో తగలబెడుతున్నారనుకున్నాం. ఎదురుగా లారీ కనబడితే తాతయ్య డిమ్ము కొట్టారు. అంతే, రెండు లైట్లూ ఒకేసారి పోయాయి. గట్టు లేదు, కాలవ లేదు, ఏమీ లేదు. తాతయ్య స్టీరింగు కదపకుండా బ్రేకు తొక్కి నిలబెట్టేశారు, అది ఆయన చేసిన మంచి పని. లారీవాడు మమ్మల్ని చూశాడో లేదో తెలియదు, హారను మోగిస్తూ రాసుకుపోయాడు. మీ అమ్మ ఆ హారనుకి లేచి చీకట్లో కేకలు పెట్టింది. తర్వాత ఊరిదాకా నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను, జీపు నా వెనకే ఫస్టు గేర్లో వచ్చింది. ఎడమ చక్రానికీ గట్టు అంచుకీ మధ్య జానెడు కూడా లేని చోట్లు నేను చూశాను. తాతయ్యకి చెప్పలేదు.

మర్నాడు ఆ స్విచ్చి విప్పాను. పై మూత వేగిన అప్పడంలా పొంగి ఉంది. లోపల రాగి బిళ్లలు నల్లబడి, వాటి మీద ఎండిన బురద. పట్టు సరిగా లేని చోట వేడి పుడుతుంది, వేడికి పట్టు ఇంకా సడలుతుంది, దాంతో ఇంకా వేడి. తాతయ్య కాగితం మీద ఈ బురద లేదు. ఆయనకి చూపిస్తే "12 ఓల్టులు మన ఇంటికి అచ్చిరాలేదురా" అని జీపుని మళ్లీ 6 ఓల్టులకే తిప్పించేశారు. చివరిదాకా మసక లైట్లతోనే నడిపారు. తప్పు ఓల్టులది కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మీ అమ్మ భయం అక్కడిది. దాని మీద విసుక్కోకు.

అందుకని నేను చెప్పినట్టు చెయ్యి. కాలి స్విచ్చి గుండా లైటు కరెంటు పోకూడదు. రెండు రిలేలు పెట్టించు, బ్రైటుకొకటి, డిమ్ముకొకటి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి. అప్పుడు స్విచ్చి మోసేది రిలే కాయిలుకి కావలసిన కొద్దిపాటి కరెంటే. రిలే మీద 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి నేరుగా, 87 నుంచి లైటుకి, 86కి స్విచ్చి వైరు, 85 ఎర్త్. రెండు రిలేలకీ బ్యాటరీ దగ్గరే వేర్వేరు ఫ్యూజులు, 20 ఆంపియర్లవి. రిలే దాటాక ఎడమ లైటుకి ఒక ఫ్యూజు, కుడి లైటుకి ఒక ఫ్యూజు, 10 ఆంపియర్లవి. రెండు లైట్లకీ కలిపి ఒకటే ఫ్యూజు చాలని ఏ మేస్త్రీ అయినా అంటే, వాడి చేత నా జీపు ముట్టించకు. ఏం పోయినా ఒక్కటే పోవాలి. బట్ట చుట్టిన పాత వైరు అంగుళం కూడా మిగలొద్దు. ఒక టార్చి కూడా సీటు కింద పడెయ్యి, సెల్‌ఫోను వెలుగుని నమ్ముకోకు.

ఇంతా చేస్తే 60/55 చాలదేమో అని నీకు అనుమానం. చాలా జీపుల్లో వెలుగు పోయేది బల్బులో కాదు, దారిలో. లైట్లు వేసి ఉంచి బల్బు పిన్నుల దగ్గర మీటరు పెట్టు, తర్వాత బ్యాటరీ మీద పెట్టు. తేడా అర ఓల్టు దాటితే ఎక్కడో వైరు గానీ, జాయింటు గానీ, ఎర్త్ గానీ సరిగా లేదని అర్థం. బల్బుకి అందే ఓల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. మడ్‌గార్డు దగ్గర పెయింటు గీకి, రేకు మెరిసేలా చేసి ఎర్త్ బిగించు. జీపు అమెరికా పుట్టుక కాబట్టి నెగటివ్ ఎర్తే, ఆ గొడవ లేదు.

ఎల్ఈడీ మాట ఎత్తకు. హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో ఆ చిప్పులు ఫిలమెంటు ఉండాల్సిన చోట ఉండవు, వెలుగంతా చిమ్మేస్తుంది. ముందు తెల్లగా కనిపించి నీకు బాగానే ఉంటుంది. ఎదురొచ్చే బండి మీద మొగుడూ పెళ్లాం, మధ్యలో పిల్ల ఉంటారే, వాళ్లకి ఏమీ కనబడదు.

బిగించాక గోడకి 25 అడుగుల దూరంలో చదును నేల మీద నిలబెట్టు. సామానుతో, టైర్లలో సరిపడా గాలితో. డిమ్ము వెలుగు పై అంచు లైటు మధ్య ఎత్తు కన్నా 3 అంగుళాలు కింద ఉండాలి.

వచ్చే శనివారం శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తున్నాను. రిలేలు, క్రింపింగ్ ప్లయరు నేను తెస్తా. నువ్వు వైరు, ఫ్యూజు పెట్టె కొని ఉంచు. కింద కూర్చుంటే లేవలేను కాబట్టి డాష్‌బోర్డు కిందకి దూరేది నువ్వే, నేను స్టూలు మీద కూర్చుని తిడతాను. అన్నీ బాగుంటే మీ అమ్మతో నేను మాట్లాడతా. లేకపోతే సంక్రాంతికి పగలే బయల్దేరు.

ఈలోగా ఆ 100/90 ప్యాకెట్టు వస్తే విప్పకు. విప్పకపోతే వాపసు తీసుకుంటారు.

ఇట్లు,
మీ మామయ్య