రంగు కాదు, ఆకారం చూసి విడదీయండి

ఒంగోలు మిత్రులకు నమస్కారం. ఇల్లు మారేటప్పుడు ప్లాస్టిక్ ముక్కలు కూర్చి బొమ్మలు కట్టే లెగో సెట్లు అయిదు ఒకే సంచిలో కలిసిపోయాయని, రంగులవారీగా సర్దినా కావలసిన ముక్క దొరకడం లేదని రాశారు. కావలిలో నేనూ మొదట అలాగే సర్దాను. నల్లటి కుప్పలో నల్లటి చిన్న ముక్క కంటికి ఆనదు. ఒకే ఆకారం ముక్కల మధ్య ఎర్రది మాత్రం ఇట్టే కనిపిస్తుంది. అందుకే ముందు ఆకారాలు.

చాలా ముక్కల మీద సన్నటి అచ్చు సంఖ్య ఉంటుంది, భూతద్దం పట్టండి. అది ఆకారానిది మాత్రమే. సెట్టుతో వచ్చే, ఎలా కట్టాలో చూపే పుస్తకం చివర ఉండే ముక్కల జాబితాలోని సంఖ్య రంగుతో కలిపి ఇచ్చినది, రెండూ ఒకటనుకుంటే రోజంతా వృథా. పుస్తకాలు పోయి ఉంటే లెగో వెబ్‌సైటులో చాలా సెట్లవి ఉచితంగా దొరుకుతాయి.

దుమ్ము కడగడానికి నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. మన ఎండలో డాబా మీద మాత్రం దయచేసి ఆరబెట్టకండి, నీడలోనే ఆరనివ్వండి.